కార్డు బాకీ ఇంకో బ్యాంకుకి మార్చాలంటే ముందు ఫైలు సర్దుకోండి

ఏటా సంక్రాంతి వెళ్లాక నాకు ఒక రకం ఫోన్లు మొదలవుతాయి. దసరా, దీపావళి సేల్స్‌లో కొన్న టీవీలు, పండక్కి ఊరెళ్లొచ్చిన ఖర్చులు, పిల్లల ఫీజులు అన్నీ ఒకే కార్డు మీద పడి ఉంటాయి. జనవరి బిల్లు చూసుకుని గుండె గుభేలుమన్నాక చుట్టాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "నువ్వు బ్యాంకులో చేశావు కదా, ఈ బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అనేది మాకిస్తారా?" అని. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు బ్యాంకు కార్డుల విభాగంలో కొన్నేళ్లు దరఖాస్తులు పరిశీలించే పని చేశాను. ఇప్పుడు విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ఉన్నాను. అప్పుడు ఫైళ్లు తిప్పి పంపేదాన్ని, ఇప్పుడు తయారు చేసి ఇస్తున్నాను. అడిగిన ప్రతివాళ్లకీ ఫోన్లో మొదట్నుంచీ చెప్పే ఓపిక తగ్గిపోయి ఇది రాస్తున్నా. ఇకమీదట లింకు పంపిస్తాను.

మొదట ఒక అపోహ తీసేయాలి. అమెరికాలో ఉన్న మా పెద్దమ్మ కొడుకు చెప్పే బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ వేరు, మనది వేరు. అక్కడ దానికోసమే ప్రత్యేకంగా కార్డులుంటాయి. 3 నుంచి 5 శాతం ఫీజు తీసుకుని, 15 నెలలో 21 నెలలో అసలు వడ్డీ లేకుండా ఇస్తారు. ఆ వీడియోలు చూసి మనవాళ్లు ఇక్కడ అదే కార్డు కోసం వెతుకుతారు. మన దగ్గర అది కార్డు పేరు కాదు, కార్డు మీద ఉండే ఒక సదుపాయం. ముందు వేరే బ్యాంకు కార్డు రావాలి, ఆ తర్వాత ఆ బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌కి ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే పాత కార్డు నంబరుకి డబ్బు కట్టేసి, మన దగ్గర నెలనెలా వాయిదాల్లో వసూలు చేసుకుంటుంది. ఒకే బ్యాంకు ఇచ్చిన రెండు కార్డుల మధ్య మామూలుగా కుదరదు. కొత్త కార్డు లిమిట్ మొత్తం వాడుకోనివ్వరు, చాలా చోట్ల 75, 80 శాతం దాకానే. కొందరు కార్డు యాక్టివేట్ అయిన వెంటనే ఇస్తారు, కొందరు కొన్ని నెలలు వాడకం చూశాక ఇస్తారు. కాబట్టి అప్లై చేసే ముందే కస్టమర్ కేర్‌ని అడగాల్సిన ప్రశ్న "కార్డు ఇస్తారా" అని కాదు, "కొత్త కార్డు మీద మొదటి నెల నుంచే ట్రాన్స్‌ఫర్ ఉంటుందా, లిమిట్‌లో ఎంత శాతం" అని.

దీన్ని బట్టి ఇంకోటి కూడా అర్థమవుతుంది. కార్డు వస్తే సరిపోదు, లిమిట్ చాలినంత రావాలి. లక్షన్నర బాకీ ఉన్నవాడికి 40 వేల లిమిట్‌తో కార్డు ఇస్తే శాంక్షన్ అయినట్టే, పని మాత్రం కాదు. మనవాళ్లు పట్టించుకునేది క్రెడిట్ స్కోరు ఒక్కటే, అంటే అప్పులు ఎంత సరిగ్గా తీరుస్తున్నామో చెప్పే అంకె. నేను మాత్రం లిమిట్ ఎంత వస్తుందన్న దగ్గర్నుంచి వెనక్కి లెక్కేసుకుంటాను.

మా మరిది సంగతి చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. కూకట్‌పల్లిలో ఉంటాడు, ఒక మోస్తరు ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, చేతికి 52 వేలు వస్తాయి. కార్డు లిమిట్ 1,60,000, బాకీ 1,38,000. నెలనెలా మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో తప్పనిసరిగా కట్టాల్సిన కనీస మొత్తం, కడుతున్నాడు కాబట్టి ఏ ఇబ్బందీ లేదనుకుంటున్నాడు. వాళ్ల కార్డు వడ్డీ నెలకి 3.75 శాతం, ఏడాదికి 45. అంటే 1,38,000 మీద నెల వడ్డీ 5,175. దాని మీద 18 శాతం జీఎస్టీ 931. రెండూ కలిపి 6,106 అయింది. అతను కట్టే మినిమమ్ డ్యూ 6,900. అసలులో తగ్గేది ఎనిమిది వందల లోపే! పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు కూడా ఉండదు, కొన్న రోజు నుంచే మీటర్ తిరుగుతుంది. నెలనెలా కూరగాయలు కూడా ఆ కార్డు మీదే కొంటున్నాడు మహానుభావుడు.

కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పిన తీర్పు ఒకటుండేది. దాన్ని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టేసింది. కోర్టు వైపు నుంచి రేటు తగ్గుతుందన్న ఆశ ఇక పెట్టుకోనక్కర్లేదు. మన దారి మనం చూసుకోవాలి.

నాకు ఫోన్ చేసేసరికే అతను రెండు బ్యాంకులకి అప్లై చేసి రెండు చోట్లా కాదనిపించుకున్నాడు. "వదినా, నా స్కోరు 731 ఉంది. ఒక్క నెల కూడా ఎగ్గొట్టలేదు. ఇంకేం కావాలంట వాళ్లకి?" అన్నాడు. స్కోరు చెప్పావు సరే, పూర్తి క్రెడిట్ రిపోర్టు పీడీఎఫ్ పంపించు అన్నాను. రిపోర్టు అంటే స్కోరే అనుకుంటున్నాడు, చాలామంది లాగే.

అది ఉచితమే. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్ఐఎఫ్ హైమార్క్ అని అందరి అప్పుల చరిత్రా రాసి ఉంచే క్రెడిట్ బ్యూరోలు మనకి నాలుగున్నాయి. ఒక్కో బ్యూరో ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని 2017 నుంచి ఆర్బీఐ నియమం ఉంది. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. ఆ భయంతో అసలు చూడనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

బ్యాంకులో దరఖాస్తు ఎలా నడుస్తుందో చెప్తాను. ముందు సిస్టమ్ చూస్తుంది. బ్యాంకు పెట్టుకున్న రూల్స్ ప్రకారం కొన్నిటికి అవునంటుంది, కొన్నిటికి కాదంటుంది. ఆ రెండు రకాలూ మా దాకా వచ్చేవే కావు. అటూ ఇటూ కాకుండా మధ్యలో వేలాడేవే మా టేబుల్ మీద పడేవి. స్కోరు 700కీ 760కీ మధ్య ఉన్నవాళ్లు, కంపెనీ పేరు బ్యాంకు లిస్టులో లేనివాళ్లు, కాగితాల్లో ఏదో ఒకటి పొసగనివాళ్లు. ఒక్కో ఫైలుకి దొరికే టైము కొద్ది నిమిషాలు. ఆ కాసేపట్లో సందేహం వస్తే ఫోన్ చేసి కనుక్కునేంత తీరిక ఉండదు, కాదని పెట్టేసి తర్వాతి దానికి వెళ్లిపోతాం. కాబట్టి ఫైలు చూసే మనిషికి సందేహం రానివ్వకుండా పెట్టడమే మన పని.

మేం మొదట చూసేది రిపోర్టులో ఒక్కో అప్పు కింద ఉండే నెలల గడులు. మూడేళ్ల చరిత్ర, నెలకో గడి. ఆ నెల టైముకి కట్టి ఉంటే 000 అని ఉంటుంది. లేకపోతే ఎన్ని రోజులు ఆలస్యమైందో ఆ అంకె. బ్యాంకు సమాచారం పంపని నెలైతే మూడు ఎక్స్‌లు. మా మరిది రిపోర్టులో క్రెడిట్ కార్డు వరుస మొత్తం సున్నాలే, ముత్యాల్లా ఉంది. దాని కింద ఇంకో వరుస. ఒక యాప్‌లో వాయిదాల మీద ఫోన్ కొన్నాడు. శాలరీ అకౌంట్ మారినప్పుడు ఆటో డెబిట్ పాత అకౌంట్‌లోనే ఉండిపోయింది. కట్టాల్సింది 2,300. ఒక నెల గడిలో 023 అని ఉంది. ఇరవై మూడు రోజులు. అతనికి గుర్తు కూడా లేదు. అది ఆరు నెలల కిందటిది, అంటే చాలా ఫ్రెష్‌గా ఉన్న మచ్చ. రెండేళ్ల కిందటిదైతే మేం అంత పట్టించుకునేవాళ్లం కాదు.

ఈ యాప్ అప్పుల గురించి గట్టిగానే చెప్పాలి. మూడు వేలు, ఐదు వేలు అని చిన్నవిగా కనిపిస్తాయి, కానీ రిపోర్టులో ఒక్కొక్కటీ ఒక్కో లోనుగా వరసపెట్టి కూర్చుంటుంది. చూసేవాడికి అర్థమయ్యేదేమిటి? వీడికి ఐదు వేలకి కూడా అప్పు కావాల్సి వస్తోంది అని. అప్లై చేసే ముందు అలాంటివి ఎన్నుంటే అన్నీ తీర్చేసి, క్లోజ్ అయినట్టు రిపోర్టులో పడిందో లేదో చూసుకోవాలి. డబ్బు కట్టేయగానే రిపోర్టులో మారిపోదు. 2025 జనవరి 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు కనీసం పదిహేను రోజులకోసారి బ్యూరోలకి సమాచారం పంపాలన్న నియమం వచ్చింది. అంతకుముందు నెలకోసారే. ఇప్పుడు కొంచెం నయం, అయినా ఇవాళ తీర్చి రేపు అప్లై చేస్తే వాళ్లకి పాత బొమ్మే కనిపిస్తుంది.

ఎప్పుడో ఎవరితోనో బేరమాడి సెటిల్‌మెంట్ చేసుకున్న అప్పు ఉంటే మాత్రం వ్యవహారం గట్టిది. సెటిల్డ్ అని ఉందంటే మొత్తం కట్టలేదు, బ్యాంకే కొంత వదులుకుందని అర్థం. బాకీ వసూలుకి కాల్ చేసినవాడు "పదిహేను వేలు కట్టేయండి సార్, క్లోజ్ చేసేస్తాం" అన్నప్పుడు క్లోజ్ వేరు, సెటిల్ వేరు అని చెప్పడు. మిగిలింది కూడా కట్టి నో డ్యూ లెటర్ తీసుకుని, రిపోర్టులో క్లోజ్డ్ అని మార్పించుకోవడం ఒక్కటే దారి.

ఇక మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా వచ్చే తంటా పేర్లు. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో ఒక పొడి అక్షరం. కంపెనీ హెచ్‌ఆర్ వాళ్లు పే స్లిప్‌లో ఆ అక్షరాన్ని పేరు చివర పెడతారు. బ్యాంకు పాస్‌బుక్‌లో వెంకట, నాగ, సాయి అన్నీ కలిపి ఒకే పొడుగు పదం. ఆడవాళ్లకైతే పెళ్లికి ముందు ఇంటిపేరు ఒక కాగితం మీద, తర్వాతది ఇంకో కాగితం మీద. చూసే మనిషి ఏ పుణేలోనో చెన్నైలోనో కూర్చుని ఉంటే, ఈ నలుగురూ ఒక్కరే అని వాళ్లకెలా తెలుస్తుంది? నేను తెలుగుదాన్ని కాబట్టి నా టేబుల్ మీదికొచ్చిన కొన్ని గట్టెక్కాయి. నా పక్క సీట్లో రాజస్థాన్ అబ్బాయి ఉండేవాడు, పాపం ఇంటిపేరు ముందుంటుందని అతనికి ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అడిగేవాడు. దరఖాస్తులో పేరు పాన్‌లో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా రాయండి. ఆధార్‌లో పొడి అక్షరం ఉంటే ముందు దాన్ని సరిచేయించుకోండి. హెచ్‌ఆర్‌కి ఒక్క మెయిల్ పెడితే పే స్లిప్‌లో కూడా మారుస్తారు.

పేర్ల గొడవ ఇంకో రకంగానూ తగులుతుంది. ఒకే పేరు, దగ్గర దగ్గర ఊళ్లు అయితే ఎవరిదో అప్పు మన రిపోర్టులోకి వచ్చి చేరుతుంది. మా ఆఫీసుకి వచ్చే ఒక సిమెంటు డీలర్ గారి రిపోర్టులో ఆయన ఎన్నడూ తీసుకోని ట్రాక్టర్ లోను ఉంది, అదీ బకాయితో. అలాంటిదుంటే బ్యూరో వెబ్‌సైట్‌లోనే డిస్ప్యూట్ పెట్టొచ్చు, ఖర్చేం లేదు. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయల చొప్పున మనకి పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి నియమం ఉంది. అప్పటికీ తేలకపోతే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. 2022 సెప్టెంబరు నుంచి క్రెడిట్ బ్యూరోలు కూడా ఆ పరిధిలోకి వచ్చాయి. డీలర్ గారి ట్రాక్టర్ డిస్ప్యూట్ దశలోనే పోయింది.

మొహమాటానికి పెట్టిన ష్యూరిటీ సంతకాలు కూడా అక్కడే బయటపడతాయి. బావమరిది లోనుకి గ్యారంటీ సంతకం పెట్టి మర్చిపోతారు. అది మీ రిపోర్టులో గ్యారంటర్ అని కనిపిస్తుంది, అతను కట్టకపోతే ఆ ఆలస్యం కూడా. బంగారం లోన్లు అంతే. ఏడాది తిరిగేసరికి వడ్డీ కట్టి రెన్యువల్ చేయించుకోవాలి, ఊళ్లో ఉన్న బ్యాంకు, మనం హైదరాబాద్‌లో, వచ్చే వారం వెళ్దాంలే అనుకుంటాం. ఆ వచ్చే వారం కూడా గడిలో అంకెగా పడుతుంది.

మళ్లీ మా మరిది దగ్గరికి. 731కి కారణం ఆ 023 ఒక్కటే కాదు. 1,60,000 లిమిట్‌లో 1,38,000 వాడేశాడంటే 86 శాతం. 30 శాతం లోపు ఉంటే మంచిదని అందరూ చెప్తారు, బాకీ ఉన్నవాడికి అది జరిగే పని కాదు, జరిగేదైతే ఈ ట్రాన్స్‌ఫరే అక్కర్లేదు. కానీ 86 నుంచి 60కి దిగినా చూసేవాడి మనసులో తేడా వస్తుంది. ఉన్న లిమిట్ అంచుదాకా వాడేసినవాడికి కొత్త లిమిట్ ఇవ్వాలంటే ఎవరికైనా భయమే. మా అత్తగారికి ఊళ్లో ఒక చీటీ ఉంది. "వాడి పెళ్లానికి గొలుసు చేయిద్దామనుకున్నా" అని ఓ పూట సణిగి, చీటీ పాడి 40 వేలు ఇచ్చారు. ఆ డబ్బుని బిల్లు తయారయ్యే తేదీకి ముందే కట్టించాను. చాలామంది డ్యూ డేట్ ఒక్కటే చూసుకుంటారు. బ్యూరోకి ఎక్కువగా వెళ్లేది బిల్లు తేదీ నాటి బాకీ, కాబట్టి పెద్ద మొత్తం కట్టేటప్పుడు ఆ తేదీకి ముందు కడితేనే వెంటనే ఉపయోగం. 98 వేలకి దిగింది, 61 శాతం.

కార్డు వాడకం పూర్తిగా ఆపించాను. యూపీఐ, నగదు, అంతే. ఫోన్ వాయిదాలు మిగిలినవన్నీ ఒకేసారి కట్టేసి లోను మూసేయించాం. కొత్త అప్లికేషన్ మాత్రం రెండు బిల్లులు గడిచేదాకా పెట్టొద్దన్నాను. "ఆగితే నెలకి నాలుగు వేల పైన వడ్డీ పోతుంది వదినా" అన్నాడు. నిజమే, 98 వేల మీద జీఎస్టీతో కలిపి 4,300 దాటుతుంది. కానీ మూడోది కూడా రిజెక్ట్ అయితే ఆరు నెలలు ఎటూ కదలలేడు. చాలా బ్యాంకులు ఒకసారి కాదన్నవాళ్లని కొన్ని నెలల దాకా మళ్లీ చూడవు. దీనికంటే ఆ రెండు నెలల వడ్డీ చవక.

దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ ఎంక్వైరీ అని రిపోర్టులో తేదీతో సహా పడుతుంది. మా టేబుల్ మీద అది పెద్ద ప్రమాద ఘంటిక. పది రోజుల్లో నాలుగు బ్యాంకులు రిపోర్టు లాగాయంటే ఈ మనిషికి అర్జెంటుగా డబ్బు కావాలి, మిగతా ముగ్గురూ ఏదో చూసి కాదన్నారు, నేనెందుకు ఇవ్వాలి అనిపిస్తుంది. మాల్‌లో టేబుల్ వేసుకుని టంబ్లర్ బహుమతి ఇస్తాం అనే కుర్రాళ్లకి పాన్ నంబరు చెప్పకండి. "మీకు ఏ కార్డు వస్తుందో చూడండి" అనే వెబ్‌సైట్లలో కూడా టిక్ పెట్టే ముందు ఏం రాసుందో చదవండి. ఇప్పుడు మన రిపోర్టు ఎవరైనా తీస్తే బ్యూరో నుంచి మెసేజో మెయిలో వస్తుంది, కాబట్టి రిపోర్టులో మీ ఫోన్ నంబరు ఇప్పటిదే ఉందో లేదో చూసుకోండి. మా మరిదిది ఇంజనీరింగ్ రోజుల నంబరు ఉంది.

ఏ బ్యాంకుకి పెట్టాలన్నది తేల్చడం నాకు కష్టం కాలేదు. జీతం పడే బ్యాంకు. జీతం ఎంత, ఏ తేదీన పడుతుంది, చెక్కులు ఎప్పుడైనా బౌన్స్ అయ్యాయా అన్నీ వాళ్ల కళ్లముందే ఉంటాయి, కాగితాలతో నిరూపించాల్సింది తక్కువ. ముందు వాళ్ల యాప్‌లో ప్రీ అప్రూవ్డ్ ఆఫర్ ఉందేమో చూడాలి. ఉంటే సగం పని అయినట్టే. కార్డు బాకీ ఉన్న బ్యాంకూ జీతం పడే బ్యాంకూ ఒకటే అయితే ఈ దారి ఉండదు, అప్పుడు సేవింగ్స్ అకౌంటో హోమ్ లోనో ఉన్న ఇంకో బ్యాంకుని చూసుకోవాలి.

వ్యాపారస్తుల సంగతి వేరు. వాళ్లని ఐటీఆర్‌ని (ఆదాయపు పన్ను రిటర్న్) బట్టి చూస్తారు, చాలా చోట్ల రెండేళ్లవి అడుగుతారు. మార్చి నెలలో మా ఆఫీసుకి వచ్చి "ఈసారికి ఆదాయం కొంచెం పెంచి చూపించమ్మా, లోనుకి కావాలి" అనేవాళ్లు ఉంటారు. పోయినేడు దాకా 3 లక్షలు చూపించి ఒక్కసారిగా 9 లక్షలు చూపిస్తే, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జమలు ఆ లెక్కకి సరిపోవాలి కదా. సరిపోకపోతే మొత్తం ఫైలు మీదే నమ్మకం పోతుంది. ఉన్న ఆదాయాన్ని ఉన్నట్టు, గడువులోగా ఫైల్ చేసినవాళ్లకే లిమిట్ బాగా వస్తుంది. జీతగాళ్లు కూడా దరఖాస్తులో అంకె పెంచి రాస్తారు, ఫారం 16తో పోల్చితే రెండు నిమిషాల్లో దొరికిపోతారు.

మొత్తం నెలసరి వాయిదాలు జీతంలో సగానికి దగ్గరపడితే కార్డు వచ్చినా లిమిట్ కోసేస్తారు. మా మరిదికి బైక్ ఈఎంఐ 4,800 తప్ప ఇంకేం మిగల్లేదు కాబట్టి ఆ దిగులు లేదు.

చివరి మెట్టు వెరిఫికేషన్. ఇంతా చేసి ఇక్కడ జారిపడేవాళ్లు తక్కువేం కాదు. తెలియని నంబరు నుంచి కాల్ వస్తే స్పామ్ అని ఎత్తరు. రెండు మూడుసార్లు ఎత్తకపోతే నాట్ కాంటాక్టబుల్ అని రాసి ఫైలు మూసేస్తారు. ఇంటికి మనిషి వస్తే మీరు ఆఫీసులో ఉంటారు, కింద వాచ్‌మన్ "ఆ పేరుతో ఎవరూ లేరండి" అంటాడు, ఎందుకంటే అతనికి మీరు 302 సారు మాత్రమే. ఓనరుకీ వాచ్‌మన్‌కీ ఒక మాట చెప్పి ఉంచండి. ఆధార్‌లో తెనాలి పక్క ఊరి అడ్రసు, ఉండేది కూకట్‌పల్లి అయితే రెంటల్ అగ్రిమెంటో గ్యాస్ బిల్లో సిద్ధంగా పెట్టుకోండి. ఆఫీసు మెయిల్‌కి వచ్చే లింకు గడువు దాటకుండా నొక్కండి.

ఇంత చేసినా కాదంటే? ఎందుకు కాదన్నారో రాతపూర్వకంగా చెప్పాల్సిన బాధ్యత బ్యాంకుదే, 2022లో ఆర్బీఐ ఇచ్చిన కార్డు నిబంధనల్లో ఉంది. ఇంటర్నల్ పాలసీ అని ఒక ముక్క పంపి ఊరుకుంటారు. మళ్లీ మెయిల్ పెట్టి నిర్దిష్టమైన కారణం అడగండి, అది తెలిస్తేనే తర్వాత ఏం సర్దుకోవాలో తెలుస్తుంది. కొన్నిసార్లు తప్పు మనది కాదు కూడా. 2023 నవంబరులో ఆర్బీఐ కార్డు అప్పుల మీద బ్యాంకుల రిస్క్ వెయిట్ 125 నుంచి 150 శాతానికి పెంచింది. కార్డు మీద ఇచ్చే ప్రతి రూపాయికీ బ్యాంకు తన పెట్టుబడి ఎక్కువ పక్కన పెట్టాలి అని దాని అర్థం. అప్పట్నుంచి మధ్యలో వేలాడే ఫైళ్ల మీద బ్యాంకుల చెయ్యి బిగిసింది.

స్కోరు మరీ కిందికి పోయినవాళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డుతో మళ్లీ మొదలుపెట్టొచ్చు, కానీ అది చరిత్ర బాగుచేసుకోడానికే. ఎఫ్‌డీ వేసేంత డబ్బు చేతిలో ఉంటే 45 శాతం బాకీని పక్కనపెట్టి డిపాజిట్ వేయడం ఏం తెలివి? ముందు బాకీ కట్టేయండి. ఇంట్లో ఖాళీగా ఉన్న బంగారం ఉంటే బ్యాంకులో గోల్డ్ లోను ఈ ట్రాన్స్‌ఫర్లన్నిటికంటే చవగ్గా పడుతుంది, స్కోరు గొడవ కూడా తక్కువ. మనవాళ్లకి బీరువాలో బంగారం ఉంచుకుని కార్డుకి వడ్డీ కట్టడంలో ఏదో పరువు ఉంది, నాకెప్పుడూ అర్థం కాదు. మా మరిది వాళ్ల బంగారం అప్పటికే బ్యాంకులో తాకట్టులో ఉంది కాబట్టి మాకా దారి లేదు.

ఏప్రిల్ మొదటి వారంలో అప్లై చేశాం. వెరిఫికేషన్ కాల్ ఎత్తాడు, వాచ్‌మన్ పేరు సరిగ్గానే చెప్పాడు. 1,20,000 లిమిట్‌తో కార్డు వచ్చింది. 75 శాతం అంటే 90 వేలు. మిగిలిన 8 వేలు జీతంలోంచి కట్టాడు. నెలకి ఒకటిన్నర శాతం వడ్డీ, 12 వాయిదాలు, 2 శాతం ప్రాసెసింగ్ ఫీజు. వాయిదా 8,250 చిల్లర, వడ్డీ మీద జీఎస్టీ అదనం. ఫీజు, వడ్డీ, జీఎస్టీ అన్నీ కలిపి ఏడాదికి పడే ఖర్చు 12,800 లోపు. అదే 90 వేలని పాత కార్డు మీద 12 నెలల్లో తీర్చి ఉంటే 27,600 దాకా అయ్యేది. తేడా దాదాపు 15 వేలు. అంతకుముందు ఇంకో బ్యాంకు వాళ్లు రెండు నెలలు సున్నా వడ్డీ అని ఆశ చూపించారు గానీ, రెండు నెలల్లో 90 వేలు తీర్చగలిగినవాడికి ఇదంతా ఎందుకు?

డబ్బు పాత కార్డుకి చేరడానికి కొన్ని రోజులు పట్టింది, ఆ మధ్యలోనే పాత కార్డు డ్యూ డేట్ వచ్చింది. ట్రాన్స్‌ఫర్ పెట్టాం కదా అని ఊరుకోకుండా మినిమమ్ కట్టేయమన్నాను. గడువు దాటి మూడు రోజులు అయ్యాకే ఆలస్యమని బ్యూరోకి చెప్పాలన్న నియమం ఉన్నా, దాన్ని నమ్ముకుని కూర్చోలేం.

మే నెలలో మళ్లీ ఫోన్. "వదినా, అంతా కట్టేశాక కూడా పాత కార్డుకి 1,700 బిల్లు వచ్చింది, మోసం!" అన్నాడు. మోసమేం కాదు. బిల్లు తేదీ నుంచి డబ్బు చేరిన రోజు దాకా నడిచిన వడ్డీ అది, తర్వాతి బిల్లులోనే పడుతుంది. చాలామంది బాకీ అయిపోయిందనుకుని యాప్ తీసేస్తారు, ఈ చిల్లర కట్టక లేట్ ఫీజుతో సహా రిపోర్టులో మళ్లీ అంకె పడుతుంది. కట్టేయించాను. పాత కార్డు మూసేయనా అని అడిగాడు. ఏడాది ఫీజు లేని కార్డే కాబట్టి ఉంచమన్నాను, ఆ 1,60,000 లిమిట్ ఖాళీగా కనిపిస్తేనే అతని వాడకం శాతం తక్కువగా ఉంటుంది. కాకపోతే ఆ కార్డుని షాపింగ్ యాప్‌లన్నిట్లోంచీ తీయించి, మా తోటికోడలి పర్సులో పెట్టించాను. ఆ అమ్మాయి దగ్గర్నుంచి తీసుకోవడం బ్యాంకు దగ్గర లిమిట్ తెచ్చుకున్నంత తేలికేం కాదు.